2021 శ్రీరామనవమి వారం ఆర్డర్లు ఎందుకు ఆపానంటే

అందరికీ నమస్కారం. హ్యూస్టన్‌లో ఇంట్లోనే పచ్చళ్ళు, పిండివంటలు చేసి అమ్మే నేను పోయిన వారం ఆర్డర్లన్నీ ఉన్నట్టుండి ఆపేసి, "కోర్టు పని పడింది, అయ్యాక చెప్తాను" అని వాట్సాప్ గ్రూపులో ఒక్క మెసేజ్ పెట్టాను. అది చూసి చాలామంది కంగారుపడి ఫోన్లు చేశారు, ఒకక్కయ్య అయితే తెలిసిన లాయరు గారున్నారు మాట్లాడమంటావా అని కూడా అడిగారు, మీ అందరికీ నిజంగా థ్యాంక్స్. మా ఇంట్లో ఏ గొడవా లేదు. నాకు జ్యూరీ డ్యూటీ పడింది, అంటే కోర్టులో కేసు విని తప్పు చేశాడో లేదో తేల్చే మామూలు మనుషుల్లో ఒకదాన్నన్నమాట, మన హ్యూస్టన్ ఉన్న హ్యారిస్ కౌంటీలో ఒక దోపిడీ కేసు. జ్యూరీలో ఉన్నాననైతే చెప్పొచ్చు, కానీ చెప్తే ఏం కేసు, ఎవరు, ఏమైంది అని అడగకుండా ఎవరూ ఉండరు కదా, ఆ కేసు గురించి ఇంట్లో మా ఆయనతో కూడా మాట్లాడకూడదని జడ్జి గారు ప్రతిరోజూ ఇంటికి పంపేముందు చెప్పేవారు, అందుకే ఏమీ చెప్పలేదు. ఇప్పుడు తీర్పు ఇచ్చేశాం, ఇక మాట్లాడుకోవచ్చని చెప్పి మమ్మల్ని పంపించేశారు.

ముందు డబ్బుల సంగతి. అడ్వాన్స్ కట్టి, ఆర్డర్ అందని వాళ్ళందరికీ జెల్‌లో (బ్యాంకు నుంచి బ్యాంకుకి డబ్బు పంపేది) వెనక్కి వేసేశాను, రాకపోతే ఒక మెసేజ్ పెట్టండి. సీమంతం సారె ఆర్డర్ ఇచ్చిన వాళ్ళకి మాత్రం డబ్బు వెనక్కి ఇస్తే సరిపోదు, చలిమిడి లేకుండా సారె ఎలా పెడతారు, అందుకని మా వెనక వీధిలో ఉండే వదిన గారిని బతిమాలి ఆవిడతో చలిమిడి, సున్నుండలు చేయించి పంపాను. అరిసెలు మాత్రం కుదరలేదు, పాకం పట్టడం ఒక్క చేత్తో అయ్యే పని కాదు.

మామిడికాయ సంగతి అడుగుతున్నారు. నన్ను జ్యూరీకి తీసుకున్నారని తెలిసేసరికి కాయలు కొట్టించి, జీడి తీసి, ముక్కలన్నీ గుడ్డతో తుడిచి ఆరబెట్టి ఉన్నాను. తుడిచిన ముక్క ఆగదు, మెత్తబడిపోతుంది. ఆ రాత్రికి రాత్రే అత్తయ్య గారూ నేనూ కూర్చుని ఆవపిండి, కారం, ఉప్పు, నూనె కలిపి జాడీలకెత్తాం, మూడో రోజు కోర్టు నుంచి వచ్చి చీర కూడా మార్చుకోకుండా తిరగ కలిపాను. ముక్క గట్టిగా ఉంది, ఊట బాగా వచ్చింది, ఆ విషయంలో బెంగపడకండి.

ఇక చాలామంది అడిగింది, ఇంట్లో డెబ్బై దాటిన మనిషిని పెట్టుకుని ఈ కోవిడ్‌లో ఎందుకు వెళ్ళావు, ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు కదా అని. గుంటూరు నుంచి మా అమ్మ కూడా అదే అంది, ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడ్చాడట, మనకెందుకే ఆ కోర్టు అని. 2021 ఏప్రిల్‌లో అక్కడ పరిస్థితి ఎలా ఉండేదో మీకందరికీ తెలుసు, ఆక్సిజన్ కోసం జనం పరుగులు పెట్టారు, అమ్మ భయం నాకు అర్థమైంది. పైగా మన దేశంలో జ్యూరీ లేదు, బొంబాయిలో 1959లో, భార్య ప్రియుణ్ణి కాల్చి చంపిన నేవీ ఆఫీసరు నానావతి కేసులో జ్యూరీ 8-1 తో నిర్దోషి అంటే జడ్జి ఒప్పుకోక హైకోర్టుకి పంపారని పెద్దవాళ్ళు చెప్పుకునేవారు, ఆ తర్వాత ఆ పద్ధతే పోయింది.

వ్యాపారం దెబ్బతింటుందని చెప్పి తప్పించుకోవడం ఇక్కడ అంత తేలిక కాదు, టెక్సాస్‌లో డబ్బు నష్టం ఒక్కటే కారణమైతే కేసులో రెండు వైపులవాళ్ళూ ఒప్పుకుంటే తప్ప జడ్జి వదలకూడదు. అప్పట్లో కోవిడ్ భయమని వాయిదా మాత్రం అడిగే వీలుండేది. నేను అడగలేదు. అత్తయ్య గారికి రెండు డోసులూ అయ్యాయి, అదొకటి. రెండోది, 2017లో హార్వే తుఫాను నీళ్ళు డౌన్‌టౌన్ కోర్టు బిల్డింగుల్లోకి వచ్చినప్పటి నుంచే కేసులు పేరుకుపోతూ వచ్చాయి, ఆ పైన 2020 మార్చిలో జ్యూరీ ట్రయల్స్ మొత్తం ఆగిపోయాయి. బెయిల్ కట్టలేని మనిషి తప్పు చేశాడో లేదో ఎవరూ తేల్చకుండానే జైల్లో కూర్చుంటాడు, దెబ్బ తిన్న మనిషి కూడా ఎప్పుడు పిలుస్తారా అని అంతకాలం ఎదురుచూస్తాడు. పన్నెండు మంది వచ్చి కూర్చుంటే తప్ప ఆ కేసు కదలదు. సిటిజన్‌షిప్ టెస్టులో ఓటు వేయడం, జ్యూరీలో పనిచేయడం సిటిజన్ల బాధ్యత అని బట్టీ పట్టి చెప్పి పాసయ్యాను, ఆ మాట అవసరం పడినప్పుడు వెనక్కి తగ్గడం నాకు నచ్చలేదు.

జ్యూరీ సెలక్షన్ కోర్టులో కాదు, రోడియో (కౌబాయ్‌ల పోటీలు) జరిగే చోట, ఎన్‌ఆర్‌జీ అరీనాలో, అంత పెద్ద హాల్లో కుర్చీలు దూరం దూరంగా వేసి, చేతిలో నంబరు కార్డు ఇచ్చి కూర్చోబెట్టారు. అదే ఎన్‌ఆర్‌జీ పార్కింగ్‌లో వ్యాక్సిన్ కోసం కార్లు బారులు తీరి ఉన్నాయి. విచారణ మాత్రం డౌన్‌టౌన్‌లోనే. జ్యూరీ బాక్సులో పన్నెండు మందికి దూరం సరిపోదని మమ్మల్ని జనం కూర్చునే బెంచీల మీద విడివిడిగా కూర్చోబెట్టారు. సాక్షి బోనులోకి రాగానే మాస్కు తీయించి ప్లాస్టిక్ షీల్డు పెట్టించారు. ఆ సాక్షి మాట్లాడుతుంటే షీల్డు లోపల ఊపిరికి మసక పట్టి, ఆవిడ కాసేపు ఆగి అది తగ్గాక మళ్ళీ మొదలుపెట్టేది. మనిషి ముఖం చూడకుండా ఆవిడ చెప్పేది నిజమో కాదో తేల్చమంటే నా వల్ల అయ్యేది కాదు, ఆ షీల్డు పెట్టించడం చాలా మంచి పని అనిపించింది.

మేం అక్కడ ఉన్న వారంలోనే, ఏప్రిల్ 20వ తారీఖున, మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్‌ని చంపిన పోలీసు షావిన్ కేసు తీర్పు వచ్చింది. ఫ్లాయిడ్ పెరిగింది మన హ్యూస్టన్ థర్డ్ వార్డులో, ఆయన్ని ఖననం చేసింది మన మీనాక్షి గుడి ఉన్న పియర్‌లాండ్‌లో, కాబట్టి ఊరంతా ఆ మాటే. మా జడ్జి గారు బయట వినేదేదీ ఈ గదిలోకి తీసుకురావద్దని గట్టిగా చెప్పారు. తీసుకురాలేదు. క్రిమినల్ కేసులో పన్నెండు మందీ ఒకే మాట మీదకి రావాలి, మేం రావడానికి చాలాసేపు పట్టింది, స్కూలు బస్సు నడిపే ఆయన ఒకరు ప్రతి ఫోటో మళ్ళీ తెప్పించి చూశారు, ఆయన మీద నాకు చాలా గౌరవం కలిగింది. తీర్పు ఏంటో ఇక్కడ రాయను, రెండు వైపులా కుటుంబాలున్నాయి.

2021లో కోర్టు వాళ్ళు ఇచ్చింది మొదటి రోజు 6 డాలర్లు, తర్వాత రోజుకి 40. నాలాంటి సొంత వ్యాపారం వాళ్ళకి అది పెద్ద దెబ్బే, దాన్ని పెంచాలని అప్పుడే గట్టిగా అన్నాను.

హెచ్‌వన్ వీసా, గ్రీన్‌కార్డు వాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి, జ్యూరీకి డ్రైవింగ్ లైసెన్సుల లిస్టులోంచి కూడా పేర్లు తీస్తారు కాబట్టి మీకూ సమన్లు రావచ్చు. చెత్తలో పడేయకండి, సిటిజన్ కాదని ఫారంలో టిక్ పెట్టి పంపేయండి. పలకకుండా ఊరుకుంటే 100 నుంచి 1000 డాలర్ల దాకా ఫైన్ ఉంది.

ఆవకాయ, మాగాయ పికప్ ఈ శనివారం పొద్దున్న నుంచి, ఎప్పటిలాగే గరాజ్ దగ్గర టేబుల్ మీద మీ పేరు రాసిన డబ్బా ఉంటుంది, మాస్కు పెట్టుకుని రండి. శ్రీరామనవమికి ఆగిపోయిన అరిసెల ఆర్డర్లు ముందు చేస్తాను, ఆ తర్వాతే కొత్తవి తీసుకుంటాను.