మిర్చి దిగింది, మా కారం ఎందుకు దిగలేదు?

"మిర్చి యార్డులో కాయ ధర అంత పడిపోయిందట, మీ కారం రేటు మాత్రం కదల్లేదేంటండీ?" రెండు నెలలుగా వాట్సాప్‌లో మీలో చాలామంది అడుగుతున్నది ఇదే. కొందరైతే అడక్కుండానే వేరేచోట కొనుక్కున్నారు. తప్పుపట్టను. 2025 ఫిబ్రవరిలో కేంద్రమే క్వింటాకు 11,781 రూపాయల ధర కట్టి రైతును ఆదుకుంటామని ప్రకటించాల్సి వచ్చిన సీజన్ ఇది. అడగడం న్యాయమే.

ఇప్పుడు మేం ఆడిస్తున్నది నిరుటి కాయ. 2024 మార్చిలో తేజ రకం మిర్చి క్వింటా 20 వేలు పెట్టి కొని ఏసీలో, అంటే కోల్డ్ స్టోరేజీలో, పెట్టాను. మన వ్యాపారం తీరే అంత: కాయ వచ్చేది మూడు నెలలు, కారం అమ్మేది ఏడాదంతా. మధ్యలో నడిచేది అప్పు.

లెక్క చెబుతాను. బ్యాంకులో నూటికి ఏడాదికి 12 అనుకోండి, క్వింటా కాయ పది నెలలు ఆపితే వడ్డీ 2,000. అంటే కిలోకి 20 రూపాయలు. అదే బయట రెండు రూపాయల వడ్డీకి తెస్తే కిలోకి 40. ఎక్కడో ఆరు శాతానికి డబ్బు దొరికే వ్యాపారికి పడేది 10. ఏసీ అద్దె, తరుగు దీనికి అదనం. ముగ్గురిదీ అదే తేజ, అదే ఘాటు. దుబాయ్ షాపు అరలో మాత్రం మూడు ధరలు. ఎగుమతిలో ఎవరు నిలుస్తారో తేలేది చాలావరకు ఇక్కడే.

నాకు బ్యాంకు వడ్డీకి అప్పు దొరికిందంటే ఏసీవాళ్లు సరుకుకు రసీదుగా ఇచ్చిన బాండు పుణ్యమే. టిక్కీలు (కాయ బస్తాలు) లోపల, కాగితం బ్యాంకులో. పొలం తాకట్టు పెట్టక్కర్లేకుండా సరుకు మీదే అప్పు పుడుతుంది. మా నాన్న రోజుల్లో షావుకారు గుమ్మం తప్ప ఇంకో దారి తెలియదు మాకు.

ఇక నా తప్పు. గల్ఫ్‌లో ఒక దుకాణానికి 600 కిలోలు తొంభై రోజుల అరువు మీద పంపాను. "ఎల్‌సీ ఖర్చెందుకు, మన తెలుగువాళ్లమే కదా" అన్నాడాయన. ఎల్‌సీ అంటే కాగితాలు సరిగా ఉంటే డబ్బు తానే కడతానని కొన్నవాడి బ్యాంకు ఇచ్చే హామీ. నేనూ సరేనన్నాను. 1957 నుంచి ఎగుమతి బాకీలకు బీమా ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఈసీజీసీ ఉందని తెలిసీ, ప్రీమియం మిగులుతుంది కదా అని పాలసీ తీసుకోలేదు. ఏడు నెలలకు డబ్బొచ్చింది, మూడో వంతు కోతతో. తర్వాతి ఆర్డరుకు బుద్ధొచ్చి ఎల్‌సీ అడిగితే, అందులో మా సంస్థ పేరు ఒకలా, ఇన్‌వాయిస్‌లో ఒక అక్షరం తేడాతో పడింది. బ్యాంకు కాగితాలు తిప్పి పంపింది. వాళ్లు చూసేది కాగితాన్నే, కారాన్ని కాదు! సరిచేసి పంపేసరికి మూడు వారాలు పోయాయి.

మంచి జరిగింది మాత్రం నేను ఊహించని వైపు నుంచి. మసాలా వ్యాపారంలోకి విదేశీ పెట్టుబడి వచ్చి చాలాకాలమైంది. నార్వే కంపెనీ ఓర్క్లా 2007లోనే ఎంటీఆర్‌ను కొంది. ఇలాంటివాళ్లొస్తే మాలాంటి మిల్లులు మూతపడతాయని భయపడ్డవాణ్ణే. ఇప్పుడు అలాంటి ఒక కంపెనీకి నెలనెలా కారం వేస్తున్నాను, పేరు రాయను. చిన్న సంస్థలకు 45 రోజుల్లోపు డబ్బు కట్టాలని 2006 చట్టం చెబుతోంది. అయినా 45 రోజులు నాకు తక్కువేం కాదు, కూలీలకు శనివారం శనివారం ఇవ్వాలి. అందుకే బిల్లు ట్రెడ్స్‌లో పెడతాను, చిన్న సంస్థల బిల్లుల మీద గడువుకు ముందే డబ్బిప్పించే ఆన్‌లైన్ వేదిక అది. కంపెనీ ఒప్పుకుంటుంది, బ్యాంకులు పోటీపడి రేటు చెబుతాయి, రెండు మూడు రోజుల్లో డబ్బు నా ఖాతాలో పడుతుంది. రేటు చూసేది నా మొహం కాదు, కంపెనీ పరపతి. నా సీసీ (క్యాష్ క్రెడిట్) అప్పు ఖాతా వడ్డీ కంటే మూడు శాతం దాకా తక్కువ పడుతోంది. రేపు కంపెనీ కట్టకపోయినా బ్యాంకు నా మీదికి రాదు.

పక్క మిల్లాయనకు మాత్రం చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర చేయించుకునే ఉద్యం రిజిస్ట్రేషన్ లేదు, బిల్లులు సరిగా లేవు. అదే కంపెనీ మా ఇద్దరికీ అంతే దూరంలో ఉన్నా ఆయనకు ఒరిగిందేమీ లేదు.

సరే, మీకు సంబంధించిన సంగతి. కొత్త కాయ కొన్నాను, వచ్చే నెల నుంచి కిలోకి 70 రూపాయలు తగ్గిస్తున్నాను. దుకాణాలవాళ్లకు అరువు 60 రోజుల నుంచి 30కి దించాను, కష్టమేనని తెలుసు. విదేశీ ఆర్డర్లకు సగం ముందే, లేదంటే ఎల్‌సీ, ఎంత తెలిసినవాళ్లయినా సరే. ఈసీజీసీ పాలసీ తీసుకున్నాను.

నిరుటి కాయ కారం ఇంకా ఓ 90 కిలోలుంది. రంగు కాస్త తగ్గింది, ఘాటు తగ్గలేదు. పచ్చళ్లకు వద్దు, కూరలకు బాగానే ఉంటుంది. ఇప్పుడే కొత్త రేటుకే ఇస్తాను, కావాల్సినవాళ్లు చెప్పండి.