తక్కువ గంటల ఉద్యోగానికీ రాతపూర్వక నిబంధనలు కావాలి

సంపాదకుల వారికి నమస్కారములు.

పిల్లల పెంపకం కోసం ఉద్యోగం మానిన తల్లులను తిరిగి పనిలోకి తీసుకోవడానికి బెంగళూరులోని కొన్ని పెద్ద సంస్థలు ప్రత్యేక శిక్షణ ఇస్తున్నాయి. సంతోషమే, కానీ ఆ శిక్షణ తరువాత దొరికేది సాధారణంగా పూర్తికాలపు ఉద్యోగమే. మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ ప్రాంతాల్లో స్థిరపడిన మావంటి తెలుగు కుటుంబాల్లో అత్తగారో అమ్మో అనంతపురం నుంచో చిత్తూరు నుంచో వచ్చి సెలవుల్లో కొన్నాళ్ళు ఉండగలరే తప్ప ఏడాది పొడవునా ఉండలేరు. బడి వదిలిన పిల్లలను, తల్లి ఔటర్ రింగ్ రోడ్డు రద్దీ దాటి ఇల్లు చేరేదాకా ఎవరు చూడాలి? యాభై మంది పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని 2017 ప్రసూతి ప్రయోజన సవరణ చట్టం చెప్పింది గానీ, అది పసివాళ్ళకే అక్కరకొస్తుంది. అందుకే మాలో చాలామంది రోజుకు నాలుగైదు గంటల పని వెతుక్కుంటున్నారు.

అటువంటి పని లేకపోలేదు, చిక్కంతా షరతులతోనే. అకౌంట్స్ విభాగంలో పూర్వానుభవం ఉన్న నాకు ఈమధ్య ఒక సంస్థ ఒంటిపూట పని ఇస్తామంటూనే, ఉద్యోగిగా కాక 'కన్సల్టెంటు'గా చేరమంది. అంటే ప్రావిడెంట్ ఫండు, గ్రాట్యుటీ, జీతంతో కూడిన సెలవు ఏవీ ఉండవు. ఫీజులో 10 శాతం టీడీఎస్ (ఆదాయపు పన్ను కింద పట్టుకునే మొత్తం) మాత్రం ముందే మినహాయిస్తారు. నెలాఖరులో లెక్కలు తేలేదాకా కూర్చోవాలని నోటిమాటగా చెప్పిన వారు, పనిగంటలు కాగితం మీద పెట్టమంటే ఒప్పుకోలేదు. జీతం సగం, చాకిరీ పూర్తి! కేంద్ర ప్రభుత్వ 2024 కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసేవారిలో స్త్రీలు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఆ ఇంటిపని ఎలాగూ తప్పని మనిషికి ఆఫీసు గంటలైనా ఖాయంగా ఉండాలి కదా.

2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కార్మిక స్మృతులు (లేబర్ కోడ్‌లు) నిర్ణీత కాలపు ఒప్పందంపై చేరిన ఉద్యోగులకు శాశ్వత ఉద్యోగులతో సమానమైన వేతనాన్ని, సదుపాయాలను, ఏడాది పనిచేస్తే దామాషా ప్రకారం గ్రాట్యుటీని ఇవ్వమంటున్నాయి. పనిచేసిన కాలాన్ని బట్టి వాటా కట్టగలిగినప్పుడు, పనిచేసిన గంటలను బట్టి కట్టడం అసాధ్యమేమీ కాదు. నెదర్లాండ్స్ 1996లోనే పనిగంటలను సాకుగా చూపి వివక్ష చూపరాదని చట్టం చేసింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1994లో ఆమోదించిన 175వ ఒడంబడిక సారమూ ఇదే. భారత్ దానిని ధ్రువీకరించలేదు.

ఒక కుర్చీకి ఇద్దరిని పెడితే ఖర్చు పెరుగుతుందని యజమానులు అంటారు. కొన్ని పనుల్లో అది నిజమే కావచ్చు, కానీ జీతాల లెక్కలు, జీఎస్టీ రిటర్నులు, పత్రాల పరిశీలన వంటివాటికి ఆ అభ్యంతరం నిలవదు.

కర్ణాటక కార్మిక శాఖ తక్కువ గంటల ఉద్యోగాలకు ఒక నమూనా నియామక పత్రాన్ని రూపొందించాలని కోరుతున్నాను. అందులో పనిగంటలు, దామాషా ప్రకారం వేతనం, సెలవులు, పీఎఫ్ స్పష్టంగా ఉండాలి. రాసిన గంటలకు మించి చేసిన ప్రతి గంటకూ వేరుగా చెల్లించాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మారతహళ్ళి, బెంగళూరు