జేబు చాకుకు పొట్టి తాడు, గట్టి ముడి

సంపాదకులకు నమస్కారం.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో 61 రోజుల చేపల వేట నిషేధం. వలలు, తాళ్లు బాగుచేసుకునేది కూడా అప్పుడే. నర్సాపురం, అంతర్వేది వైపు రేవుల్లో మిగిలిపోయిన తాడు ముక్కలతో కుర్రాళ్లు జేబు చాకులకు ముడుల తాళ్లు అల్లుకుంటున్నారు. ఎన్.సి.సి., స్కౌట్ పిల్లల విజిల్ తాడు చూసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు, దాన్నే లాన్యార్డ్ అంటారు. ముచ్చటైన పని. అయితే చాలామంది దాన్ని మెడలో వేసుకునేంత పొడుగ్గా కడుతున్నారు. అది మానాలనీ, పొట్టి తాడుకు నికరమైన ముడి వేయడం నలుగురికీ తెలియాలనీ ఈ ఉత్తరం.

మెడలో ఉన్న తాడు తిరిగే బోటు ఇంజను షాఫ్టుకో, వల లాగే యంత్రం వించికో చుట్టుకుంటే విడిపించుకునే వ్యవధి ఉండదు. భీమవరం, ఉండి వైపు రొయ్యల చెరువుల్లో నీటికి గాలి పట్టించే ఏరియేటర్ల దగ్గర పనిచేసేవాళ్లకూ అదే ముప్పు. పారాకార్డ్ అని అమ్మే నైలాన్ తాడు నాలుగు మిల్లీమీటర్ల లావే గానీ, సుమారు 250 కిలోల లాగుడు పడితే తప్ప తెగదు. మెడ దగ్గర అది తెగకపోవడమే ప్రాణం మీదికి తెస్తుంది. వల లాగేటప్పుడు మణికట్టుకు బిగించుకునే ఉచ్చు కూడా వద్దు. పిడి బెజ్జం నుంచి తాడు కొస దాకా మూడు నాలుగు అంగుళాలుంటే చాలు. చాకు జేబులో ఉంటుంది, ముడి బయటికి కనబడుతుంది. చెయ్యి తడిగా ఉన్నా, బురదగా ఉన్నా ముడి వేళ్లకు ఆనుతుంది, లాగితే చాకు వచ్చేస్తుంది. ముడి ఉన్నది ఆ పట్టు కోసమే.

తాడు ఎంపికలోనే సగం పని చెడుతోంది. నైలాన్ మెత్తగా ఉంటుంది, ముడి బాగా పడుతుంది, నీళ్లు పీలిస్తే కాస్త సాగుతుంది. పాలియెస్టర్ అంతగా సాగదు, ఎండకు ఎక్కువకాలం ఆగుతుంది. చవగ్గా దొరికే పాలీప్రొపిలీన్ తాడు బిరుసు, జారుడు. వేసిన ముడి నాలుగు రోజులకు వదులవుతుంది, ఎండకు పొట్టు పొట్టుగా రాలుతుంది. అది నీళ్లలో తేలుతుందన్న మాట నిజమే, కానీ గుప్పెడు లేని తాడు ఇనప చాకును తేల్చలేదు. చాకు తేలాలంటే దాని బరువుకు సరిపడా కార్కో, నురుగు బెండో కట్టాలి. కోనసీమ పీచు తాడు మోపులు కట్టడానికి మేలైనదే గానీ, ఇంత చిన్న ముడికి పనికిరాదు. గరుకు వల్ల పోగులు ఒకదానిమీద ఒకటి జారవు, ముడి బిగియదు. నూలు తాడు వాడేవాళ్లు ముందు ఒక రాత్రి నానబెట్టి, ఆరబెట్టి, ఆ తర్వాతే అల్లాలి. లేకపోతే మొదటి తడికే కుంచించుకుపోయి అల్లిక వంకర తిరుగుతుంది. రంగు విషయంలో నలుపు వద్దు. నారింజో, నిండు పసుపో అయితే గట్టు బురదలో పడ్డా కంటికి ఆనుతుంది.

తాడు ఎక్కించే ముందు బెజ్జం అంచును వేలితో తడమండి. చవక చాకులకు అక్కడ అంచు వాడిగా ఉంటుంది, లోపల్లోపల తాడును కోసేస్తుంది. సన్న గుండ్రటి ఆకురాయితో రెండు వైపులా అంచు చంపాలి. మడత చాకు అయితే ఇంకో జాగ్రత్త ఉంది. మడిచేటప్పుడు తాడు అలుగుకూ పిడికీ మధ్య పడితే అక్కడికక్కడే తెగుతుంది. తాడు పొట్టిగా ఉంచమనడానికి అదీ ఒక కారణం.

ఇక ముడి. ఓడ కళాసీలు చాకులకు వేసే రెండు పోగుల ముడి ఇది, డైమండ్ నాట్ అంటారు. నాలుగు మిల్లీమీటర్ల తాడు కొత్తవాళ్లు మూడడుగులు తీసుకోవాలి. చెయ్యి తిరిగినవాళ్లకు రెండడుగులు సరిపోతుంది. తాడును బెజ్జంలో దూర్చి రెండు కొసలూ సమం చేయండి. ఎడమ అరచెయ్యి మీ వైపు తిప్పుకుని, చాకు చేతి వెనక వేలాడేలా, ఒక కొసను చూపుడువేలి వైపు నుంచి, రెండోదాన్ని చిటికెనవేలి వైపు నుంచి అరచేతి మీదికి తెచ్చుకోండి. చిటికెనవేలి వైపు నుంచి వచ్చిన కొసతో ఒక చుట్టు వేసి, ఆ కొసను తన పోగు కిందుగానే బయటికి తీయాలి. రెండో కొసను ఆ చుట్టు అడుగున అడ్డంగా పరిచి, మొదటిదాని చాకు వైపు పోగు పైనుంచీ, దాని కొస కిందుగానూ తిప్పండి. తిరిగి చుట్టు మీదికి వచ్చి, చుట్టు పైన, తన పోగు కింద, మళ్లీ చుట్టు పైన వెళ్లాలి. పోగు ఎక్కడ చూసినా ఒకసారి పైన, ఒకసారి కింద నడవాలి. రెండుసార్లు వరసగా పైనే వచ్చిందంటే అక్కడ తప్పింది, విప్పండి. బిగించాక ఆ తప్పు సరికాదు.

సరిగ్గా పడితే నడుమ చిన్న చతురస్రం కనబడుతుంది. నాలుగు మూలల నుంచి నాలుగు పోగులు బయటికి వస్తాయి, ఎదురెదురు మూలల రెండూ చాకుకు వెళ్తాయి, తక్కిన రెండూ కొసలు. ఒక్కో కొసను పక్కనున్న చాకు పోగు చుట్టూ తిప్పి, అడుగు నుంచి నడిమి చతురస్రంలోకి పైకి తీయాలి. రెండు కొసలూ ఒకే దిక్కుకు తిరగాలి. ఒకటి కుడికీ ఒకటి ఎడమకీ తిరిగితే ముడి ఒక పక్కకు ఒరిగిపోతుంది. అప్పుడు చేతి నుంచి తీసి, కొసలను పైకీ చాకు పోగులను కిందికీ మెల్లగా లాగండి.

ఇక్కడే తొందరపడతారు. కొసలు గుంజి బిగిస్తే పై పోగులు బిగుస్తాయి, లోపల వదులు మిగులుతుంది, వారం తిరక్కుండా ముడి మెత్తబడుతుంది. పిడికి అంగుళం దూరంలో ముడిని నిలబెట్టి, చాకు వైపు నుంచి మొదలుపెట్టి, పోగు దారి వెంట వదులును కొంచెం కొంచెంగా కొస దాకా తోసుకుంటూ పోవాలి. మొన అరగదీసిన దబ్బనం ఒకటి చేతిలో ఉంటే ఇది సులువు. ఒక్క విడతలో పూర్తికాదు, రెండు మూడు విడతలు పడుతుంది. చివరికి ముడి గోళీకాయలా గుండ్రంగా, వేళ్లతో నొక్కితే లొంగకుండా ఉండాలి.

ఇంకాస్త నిండుగా కావాలనుకునేవాళ్లు చదరపు ముడుల పట్టీ అల్లుకోవచ్చు. నడుమ రెండు పోగులు, పక్కన రెండు. ఎడమ పోగు నడుమ పోగుల పైనుంచి వెళ్లి కుడి పోగు కిందికి పోతుంది. కుడి పోగు నడుమ పోగుల కిందుగా వచ్చి ఎడమ పోగు చేసిన చుట్టులోంచి పైకి వస్తుంది. తర్వాతి ముడి కుడివైపు నుంచి మొదలుపెట్టాలి. ప్రతిసారీ ఒకే వైపు నుంచి వేస్తే పట్టీ మెలి తిరుగుతుంది. కావాలని మెలి తిప్పేవాళ్లూ ఉన్నారు, అదీ బాగుంటుంది. అంగుళం అల్లికకు సుమారు అడుగు తాడు పడుతుంది.

కొసలు అర అంగుళం ఉంచి కోసి, నైలాన్, పాలియెస్టర్ అయితే అంచు కరిగించండి. కరిగిన బొట్టు చర్మాన్ని అంటుకుని కాలుస్తుంది, వేలితో నొక్కవద్దు, తడి చెంచా వెనకతో అదమండి. పైతొడుగు, లోపలి పోగులు కలిసి కరగాలి. లేకపోతే తొడుగు వెనక్కి జారి లోపలి పోగులు బయటపడతాయి. నూలు తాడు కరగదు, కొసకు దారం చుట్టి కట్టాలి. ఉప్పునీటి పని తర్వాత తాడును మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి. తడి తాడును చాకుకు చుట్టి పెడితే మడత చీల తుప్పు పడుతుంది.

రెండు విన్నపాలు. తాళ్లమ్మే దుకాణాలు పాలీప్రొపిలీనో, నైలానో, పాలియెస్టరో చుట్ట మీద రాసి అమ్మాలి. చేతిలోకి తీసుకుని చూసినంత మాత్రాన కొత్తవాళ్లకు తేడా తెలియదు. మీ పత్రికవారు ఈ ముడిని వరస ఫోటోలతో ఒక ఆదివారం అచ్చువేస్తే మేలు. 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిన నర్సాపురం క్రోషే లేసు అల్లే ఆడవాళ్లకు దారం బిగువు వేళ్లకే తెలుసు. శిక్షణ కేంద్రాల్లో ఈ పని నేర్పాలంటే వాళ్లతోనే మొదలుపెట్టవచ్చు. ఫోటోలు తీయడానికి వచ్చేవాళ్లు రెండు రంగుల తాళ్లు కలిపి కట్టించి తీయాలి. ఒకే రంగు అయితే ఏ పోగు ఎటు పోయిందో బొమ్మలో పోల్చుకోలేరు.

ఇట్లు,
వలల పని, తాళ్ల పని చేసేవాళ్లం,
నర్సాపురం