శీనుగాడికి, నీ బ్రాడీపేట ఇంటి పైపుల సంగతి

ఒరేయ్ శీనూ,

పాత ఇల్లు కొని ఇరుక్కుపోయానేమో అని అంత దిగులేందిరా నీకు, పైన బాత్రూంలో షవర్ సన్నగా వస్తంది, కింద గెస్ట్ రూం బాత్రూంలో కంపు కొడతంది, ఈ రెండింటికీ గోడలన్నీ పగలగొట్టి లైన్లు మొత్తం మార్చాలని ఆ ప్లంబర్ చెప్పాడంటే నాకు నవ్వొచ్చింది. డబ్బులిచ్చే ముందు నీళ్ళు ఇంట్లోకి ఎటు వస్తన్నాయో, ఎటు పోతన్నాయో నువ్వే ఒకసారి తిరిగి చూసుకో.

ముందు షవర్ సంగతి. కార్పొరేషన్ నీళ్ళు సంపులో పడతాయి, మోటారేస్తే డాబా మీద ట్యాంకుకి ఎక్కుతాయి, అక్కడితో మోటారు పని అయిపోయింది. ఆ తర్వాత కుళాయిలో ఎంత ఫోర్స్ ఉంటదనేది ట్యాంకు ఎంత ఎత్తున ఉందో దాన్నిబట్టే, 10 అడుగుల ఎత్తుకి సుమారు 0.3 బార్ ప్రెజర్, అంతే లెక్క. నువ్వు పంపిన ఫోటోలో ట్యాంకు స్టాండ్ లేకుండా స్లాబ్ మీదే కూర్చుంది, స్లాబ్ 10 అడుగులు, షవర్ 7 అడుగులు, మధ్యలో మిగిలింది మూడు నాలుగు అడుగులు, అంటే 0.1 బార్. దానికి పళ్ళెమంత రెయిన్ షవర్ బిగించావు, అది ధారగా ఎట్టా పడద్దిరా! కింద పోర్షన్‌లో అదే షవర్ పెడితే బ్రహ్మాండంగా వస్తది, పై అంతస్తుకే ఎప్పుడూ ఈ కష్టం. మా విజయవాడలో కొండల మీద ఇళ్ళున్నోళ్ళనడుగు, ఎత్తు అంటే ఏంటో వాళ్ళకి తెలిసినట్టు ఇంజనీర్లకి కూడా తెలవదు.

కాబట్టి ముందు షవర్ తల విప్పి చూడు, నీళ్ళలో ఉప్పు పేరుకుని చిల్లులు మూసుకుపోయుంటే రాత్రి వెనిగర్‌లో నానబెట్టు. తర్వాత ట్యాంకు నుంచి దిగే పైపు సైజు చూడు. మొదట్లోనే అరంగుళం వేసుంటే ఎక్కడా ఫోర్స్ రాదు, పైనించి అంగుళమో అంగుళంపావో దిగి, బ్రాంచిలకి ముప్పావు అంగుళం, కుళాయి దగ్గరికొచ్చేసరికి అరంగుళం అవ్వాలి. ట్యాంకు పక్కన గేట్ వాల్వ్ దాటాక నిటారుగా పైకి లేచిన చిన్న పైపు ఉందో లేదో కూడా చూడు, అది లేకపోతే లైన్లో గాలి ఇరుక్కుని నీళ్ళు ఆగాగి వస్తాయి. ఇవన్నీ బానే ఉంటే ట్యాంకుని స్టాండ్ మీదకి ఎక్కించు, అదీ చాలకపోతే అప్పుడు ప్రెజర్ పంపు. గోడ పగలగొట్టే మాట ఇందులో ఎక్కడా లేదు చూశావా.

ఇంకోటి, పక్కింటోళ్ళు చేస్తన్నారని కార్పొరేషన్ లైనుకి డైరెక్టుగా మోటారు బిగించమాక. లైన్లో నీళ్ళు తక్కువున్నప్పుడు మోటారు లాగితే పైపుకి ఎక్కడ పగులుంటే అక్కడ పక్కన మురుగు కూడా లోపలికి లాక్కుంటది. 2018లో పాత గుంటూరులో అతిసారం వచ్చి ఎంతమంది పోయారో గుర్తుందిగా, తాగే నీళ్ళలో మురుగు కలవటమంటే అంత పని జరుగుద్ది.

ఇక కంపు. గెస్ట్ రూం ఎవరూ వాడట్లేదన్నావు కదా, నా లెక్క ప్రకారం జవాబు అక్కడే ఉంది. బాత్రూం నేలలో జాలీ కింద నాని ట్రాప్ ఉంటది, దాంట్లో ఎప్పుడూ ఓ రెండంగుళాల నీళ్ళు నిలబడి ఉండాలి, డ్రైనేజీ గాలి ఇంట్లోకి రాకుండా ఆపేది ఆ నీళ్ళే, ఇంకేం మూత లేదు. గుంటూరు ఎండలకి వాడని బాత్రూంలో అవి ఎండిపోక ఏమవుతాయి? రెండు చెంబులు పోసి రేపు పొద్దున చూడు. వాష్ బేసిన్ కింద పైపు వంపు లేకుండా తిన్నగా దిగినా ఇదే బాధ. అప్పటికీ కంపు పోకపోతే, పైన ఫ్లష్ కొట్టినప్పుడు కింద గుడగుడమంటందేమో విను, అంటే మురుగు లైనుకి గాలి అందించే వెంట్ పైపు లేదనో మూసుకుపోయిందనో అర్థం, అది డాబా దాటి పైదాకా వెళ్ళుండాలి, లేకపోతే దిగే నీళ్ళు గాలి కోసం ట్రాప్‌లో నీళ్ళనే లాగేస్తాయి. మీ మురుగు వీధిలో డ్రైనేజీ లైనుకి పోద్దో సెప్టిక్ ట్యాంకుకి పోద్దో ఇల్లు అమ్మినాయన్నే అడుగు, సెప్టిక్ అయితే మూత ఎక్కడుందో చూపించమను, దాని మీద టైల్స్ వేసేసిన మహానుభావులు ఉన్నారు.

కమోడ్ ట్యాంకు సన్నగా కారతందేమో కూడా చూసేయ్, బట్టలకి పెట్టే నీలిమందు రెండు చుక్కలు ఫ్లష్ ట్యాంకులో వేసి అరగంట ఎవరూ వాడకుండా ఉంచితే, కమోడ్‌లోకి నీలం దిగిందంటే లోపల రబ్బరు పోయినట్టే. అది నువ్వే మార్చుకోవచ్చు.

ఆదివారం డాబా ఎక్కి వాల్వులు ఒక్కోటీ కట్టి ఏ కుళాయి ఆగిందో చెల్లెమ్మని కింద నిలబడి చెప్పమను, పైపు మీద మార్కర్‌తో రాసెయ్, వంటిల్లు, పై బాత్రూం, గీజరు అని. అర్ధరాత్రి పైపు పగిలితే ఏది కట్టాలో తెలవాలి కదా. ఏళ్ళ తరబడి తిప్పని పాత గేట్ వాల్వ్ గట్టిగా ఉంటే బలవంతం చెయ్యమాక, లోపల స్పిండిల్ విరుగుద్ది, దాన్ని తీసి బాల్ వాల్వ్ వేయించు.

నాని ట్రాప్‌లో నీళ్ళు పోశాక ఏమైందో రాయి, అమ్మని అడిగానని చెప్పు.

నీ
రాజాగాడు