హల్క్ హోగన్ నివాళిలో రాని సంగతి

సంపాదకుడు గారికి,

నమస్కారం. 2025 జూలై 24న అమెరికాలో రెజ్లర్ హల్క్ హోగన్ చనిపోయినప్పుడు మీ క్రీడా పేజీలో పెద్ద నివాళి వేశారు. పసుపుపచ్చ బనీను చించుకునే ఫొటో, తెల్ల మీసం, బెల్టుల లెక్క అన్నీ ఉన్నాయి. చదువుతుంటే మా వీధి పిల్లలు హోగన్ ఆడిన రెజ్లింగ్ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ బొమ్మల కార్డులు పట్టుకుని "బైసెప్స్ 24!" అని అరుచుకున్న రోజులు గుర్తొచ్చాయి. కానీ ఆయన బతుకులో సాటి పనివాళ్లకు సంబంధించిన సంగతి ఒకటుంది. అది మాత్రం మీ వ్యాసంలో రాలేదు.

నేను ఇరవై రెండేళ్లు సినిమాల్లో ఫైటర్‌గా చేసినవాణ్ణి. హీరో చెయ్యి విసిరితే పది అడుగుల అవతల పడే గుంపులో మీరు నన్ను చూసే ఉంటారు, మొహం గుర్తుండదు. నివాళి చూసిన రోజే రాద్దామనుకున్నాను. ఇంతలో ఆగస్టులో మా సమ్మె వచ్చింది, ఆలస్యమైంది.

ముందు పని సంగతి చెబుతాను. రెజ్లింగ్ అంటే "అదంతా ఉత్తుత్తిదే" అంటారు. ఎవరు గెలవాలో ముందే అనుకుని దిగుతారన్నది నిజమే. మా ఫైట్లూ అంతే, మాస్టర్ కంపోజ్ చేసినట్టు కొడతాం, పడతాం. అయితే కింద ఉన్న నేలకి ఆ కథ తెలియదు. రింగంటే మెత్తటి పరుపు అనుకుంటారు చాలామంది. ఇనుప దూలాల మీద చెక్కలు, వాటి మీద పల్చటి ఫోమ్, పైన గుడ్డ, అంతే. మాకు అట్టపెట్టెలు పేరుస్తారు, బెడ్లు వేస్తారు, షాట్ ఓకే అయితే లేచి టీ తాగుతాం. వాళ్లు జనం ముందు ఒకే టేకులో అరగంట పడి, రాత్రికి రాత్రి కారెక్కి ఇంకో ఊళ్లో మళ్లీ పడాలి.

హోగన్ ఆఖరి దెబ్బ ఏమిటో చూసినవాళ్లకు తెలుసు. గాల్లోకి ఎగిరి, కాలు చాచి, కింద పడున్నవాడి మెడ మీద దిగేవాడు. జనం కళ్లు కిందవాడి మీద ఉండేవి. నా కళ్లు మాత్రం హోగన్ నడుము మీద ఉండేవి. అంత మనిషి బరువూ కూర్చున్న పళంగా దిగేది తన వెన్ను మీదే. ప్రత్యర్థికి కాలు తగిలీ తగలనట్టు తగులుతుంది. ఆ ఒక్క దెబ్బని కొన్ని వేల సార్లు వేశాడు. చివరికి మోకాళ్లు, తుంటి కీళ్లు మార్పించుకున్నాడు, నడుముకే పది దాకా ఆపరేషన్లు. పదేళ్లలో పాతిక ఆపరేషన్లు అయ్యాయని ఆయనే ఒక ముఖాముఖిలో చెప్పాడు. 71 ఏళ్లకి గుండె ఆగిపోయింది.

అసలు పేరు టెర్రీ బొలియా. ఫ్లోరిడాలోని టాంపా కుర్రాడు, బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయించేవాడు. కుస్తీ నేర్పమని హిరో మత్సుదా దగ్గరికి వెళ్తే మొదటి రోజే కాలు విరగ్గొట్టి పంపాడట. కట్టు విప్పాక మళ్లీ వెళ్లాడు. నాకు ఆయన మీద గౌరవం కలిగేది అక్కడే. 1984 జనవరి 23న న్యూయార్క్‌లో అప్పటి ఛాంపియన్ ఐరన్ షేక్‌ని ఓడించాక ఇక తిరుగులేదు. 1987లో మిషిగన్ రాష్ట్రం పాంటియాక్‌లో భారీకాయుడైన రెజ్లర్ ఆండ్రే ద జెయింట్‌ని ఎత్తి పడేశాడు. ఆ రోజు 93,173 మంది వచ్చారని కంపెనీ లెక్క. అంతమంది లేరని ఇప్పటికీ తగాదా నడుస్తోంది, మన శతదినోత్సవాల లెక్కల్లాగే. కానీ నేను చెప్పేదేమిటంటే, అప్పటికే వెన్ను ఆపరేషన్ అయి, ఒంటికి బెల్టు కట్టుకుని దిగిన ఆండ్రే సహకరించకపోతే ఆ ఎత్తడం జరిగేది కాదు. మా పనిలో ఎత్తేవాడికి పేరొస్తుంది. ఎత్తించుకునేవాడికీ అంతే నేర్పు కావాలి. ఆండ్రే 46 ఏళ్లకే పోయాడు.

ఇక మీరు రాయని సంగతి. 1986లో కంపెనీ ఏటా జరిపే పెద్ద షో రెజిల్‌మేనియా రెండోసారి జరగబోయే ముందు జెస్సీ వెంచురా అనే రెజ్లర్ డ్రెస్సింగ్ రూములో సాటి రెజ్లర్లను కూర్చోబెట్టి మాట్లాడాడు. ఆయన అప్పటికి కామెంటరీ చెబుతున్నాడు. ఇంత ప్రచారం జరిగాక కంపెనీ మనల్ని వదులుకోలేదు, యూనియన్ పెట్టుకోవాలంటే ఇదే సమయం అన్నాడు. ఆ గదిలో యజమాని మనుషులెవరూ లేరు. అయినా యజమాని విన్స్ మెక్‌మాన్ నుంచి వెంచురాకి ఫోనొచ్చింది, బెదిరింపు వచ్చింది. యూనియన్ మాట అక్కడే ఆగిపోయింది. చెప్పిందెవరో వెంచురాకి ఏళ్ల తరబడి అర్థం కాలేదు. తర్వాత వీడియో క్యాసెట్ల రాయల్టీ కోసం కంపెనీ మీద కేసు వేసి, 8 లక్షల డాలర్ల పైచిలుకు గెలిచాడు. ఆ కేసులో లాయరు అడిగిన ప్రశ్నకు మెక్‌మాన్ ఇచ్చిన వాంగ్మూలంలో బయటపడిన పేరు హోగన్‌ది. స్నేహితుడనుకున్న మనిషి. వెంచురా ఈ సంగతి బహిరంగంగా చాలాసార్లు చెప్పాడు. 1998లో అదే వెంచురా మినెసోటా గవర్నరుగా గెలిచాడు.

హోగన్ ఎందుకు చెప్పాడో ఊహించడం పెద్ద కష్టం కాదు. పోస్టరు మీద ఉన్న బొమ్మకి యూనియన్‌తో పనేముంది? నష్టం మిగతావాళ్లది. ఆ కంపెనీలో రెజ్లర్లు అప్పుడూ ఇప్పుడూ ఉద్యోగులు కారు, "స్వతంత్ర కాంట్రాక్టర్లు". ఎక్కడ పడాలో, ఎవడి చేతిలో ఓడాలో, ఏ పేరు పెట్టుకోవాలో కంపెనీయే చెబుతుంది. పింఛను ఉండదు. దీనికి మించిన తమాషా ఇంకోటుంది. 1989లో ఇదే కంపెనీ న్యూజెర్సీ సెనేట్ ముందుకెళ్లి, మాది క్రీడ కాదు, వినోదం, కాబట్టి క్రీడల కమిషన్ తనిఖీలు మాకొద్దు అని ఒప్పుకుంది. సరే, వినోదమే అనుకుందాం. మరి అమెరికాలో నటులకు యూనియన్ ఉంది, స్టంట్‌మన్లు కూడా అందులో సభ్యులే. అది మాత్రం వీళ్లకి రాలేదు.

యూనియన్ ఉంటే ఏమవుతుందని అడుగుతారేమో. 1999 మే 23న కాన్సస్ సిటీలో అదే కంపెనీ షోలో రెజ్లర్ ఓవెన్ హార్ట్‌ని పైకప్పు నుంచి తాడు మీద దించబోయారు. చప్పున విడిపోవాలని పడవ తెరచాపలకు వాడే లాంటి కొక్కెం పెట్టారు. అది పైనే విడిపోయింది, 78 అడుగుల నుంచి పడ్డాడు. రోప్ షాట్లు చేసినవాణ్ణి, అది చదివినప్పుడు నా అరచేతులు చెమటలు పట్టాయి. మా దగ్గర రోప్ కట్టేవాణ్ణి పేరు పెట్టి పిలిచి అడుగుతాం, రెండో తాడు లేకపోతే "ఎక్కం" అంటాం, ఎక్కకపోయినా సంఘం కార్డు పోదు. ఒక్కడే నిలబడి "ఎక్కను" అనడం వేరు, వెనకాల సంఘం ఉండి అనడం వేరు. ఆ రాత్రి హార్ట్‌ని ఆసుపత్రికి తీసుకెళ్లాక కూడా షో ఆపలేదు.

హోగన్‌ని విలన్ని చేయడం నా ఉద్దేశం కాదు. అలాగని ఆయన మచ్చలు దాచనూ లేను. 1994లో స్టెరాయిడ్ల కేసులో ఏళ్ల తరబడి వాడానని కోర్టులో ఒప్పుకున్నాడు. అంతకు మూడేళ్ల ముందు టీవీలో కాదన్నవాడు. నల్లవాళ్ల గురించి ఆయన అన్న నీచమైన మాటలు 2015లో బయటపడితే కంపెనీ తీసేసింది, మూడేళ్లకి మళ్లీ పిలిచింది. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ పక్కనున్న ఇంగిల్‌వుడ్‌లో, కంపెనీ టీవీ షో నెట్‌ఫ్లిక్స్‌కి మారిన మొదటి రోజు రింగులోకొస్తే జనం ఈలలు కాదు, గేలి చేశారు. చెవి దగ్గర చెయ్యి పెట్టి వింటున్నట్టు నిలబడే మనిషికి ఆ హోరు ఎలా వినిపించిందో. 

ఇదంతా మనకెందుకంటారా? 2025 ఆగస్టు 4 నుంచి తెలుగు సినీ కార్మికులు 30 శాతం వేతనం పెంచమని షూటింగులు ఆపారు. రెండు వారాలు దాటాక మూడేళ్లలో 22.5 శాతం దాకా పెంచేలా ఒప్పందమైంది. అడిగినంత రాలేదు. మా సంఘాల్లో తప్పులున్నాయి, కార్డు సంపాదించడం కొత్త కుర్రాడికి గగనమే, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ కూర్చుని మాట్లాడడానికి ఎదుట ఒక బల్ల ఉంది.

మా చిన్నవాడికి అది లేదు. బైకు మీద ఆర్డర్లు తిప్పుతాడు. వాణ్ణి కంపెనీ "పార్ట్‌నర్" అంటుంది. రేటు కంపెనీది, టైము కంపెనీది, యాప్‌లో ఐడీ ఆపేస్తే అడగడానికి మనిషి దొరకడు. పెట్రోలు, దెబ్బలు మాత్రం వాడివి. ఇలా యాప్‌ల మీద పనిచేసేవాళ్లకు, అంటే గిగ్ కార్మికులకు, రాజస్థాన్ 2023లోనే చట్టం చేసింది. తెలంగాణ 2025 ఏప్రిల్లో ముసాయిదా పెట్టింది, నేనిది రాసేనాటికి చట్టం కాలేదు. అది రాసే అధికారులకు నా మనవి ఒకటే. కాగితం మీద ఏ పేరు పెట్టారో చూడొద్దు. పని ఎప్పుడు, ఎలా, ఎంతకి చెయ్యాలో ఎవరు నిర్ణయిస్తున్నారో చూడండి, యజమాని ఎవరో తేలిపోతుంది. సంక్షేమ నిధి, బీమా మంచివే. వాటితో పాటు సంఘం పెట్టుకున్నవాడి ఐడీ ఆపకూడదన్న వాక్యం కూడా ఉండాలి.

మీకు మనవి ఇంకా చిన్నది. క్రీడా పేజీలో హోగన్ పేరు మళ్లీ వచ్చినప్పుడు జెస్సీ వెంచురా గురించి కూడా నాలుగు వాక్యాలు వేయండి. ఆయన ఇంకా ఉన్నాడు.

ఇట్లు
ఒక మాజీ ఫైటర్,
కృష్ణానగర్, హైదరాబాద్