కాశీకి ముందు స్టెప్నీ కథ

హనుమకొండ,
ఆదివారం మధ్యాహ్నం

ప్రియమిత్రుడు రాజేశానికి,

నీ ఉత్తరం వచ్చి చాలా కాలమైంది. జవాబు ఆలస్యమైనందుకు నువ్వు తిట్టబోయే తిట్లన్నీ నన్ను నేనే ముందుగా తిట్టుకున్నాను కనుక, దయచేసి మళ్ళీ మొదలుపెట్టకు. ఇంట్లో అందరం క్షేమం. చిన్నవాడికి బదిలీ అయింది, నా షుగరు అదుపులోనే ఉన్నది, మేడమీది గది ఇంకా కురుస్తూనే ఉన్నది. ఇంతకు మించి ఇప్పుడు అడగవద్దు. నేను నీకు చెప్పి తీరవలసినది మా బొలెరో బండి స్టెప్నీ, అదే వెనక తగిలించే అదనపు టైరు గురించి.

నవ్వకు. అక్క, బావ, మేమిద్దరం కలిసి బండిలోనే కాశీకి పోవాలని అనుకున్నాము. హుజూరాబాద్, కరీంనగర్, మంచిర్యాల, ఆసిఫాబాద్ మీదుగా చంద్రాపూర్ చేరి, అక్కడినుంచి నాగ్‌పూర్, జబల్‌పూర్, రీవా దాటి పోవాలి. వెయ్యి కిలోమీటర్లకు పైబడిన దారి. రైల్లో పోవచ్చు కదా అని నువ్వంటావు. కాజీపేట స్టేషన్‌లో మనిద్దరికీ జరిగిన ఆ మర్యాద తరువాత కూడా అంటావా?

బండిని సర్వీసుకు ఇచ్చి తెచ్చాను. ఇంజన్ ఆయిలు, ఫిల్టర్లు, ఫ్యాన్ బెల్టు, కూలెంటు, వైపర్లు అన్నీ మార్చారు. ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితాల తేదీలు చూసుకొని, ఫాస్టాగ్‌లో డబ్బులు వేసి, ఇక బయలుదేరడమే తరువాయి అనుకుంటుండగా గోదావరిఖని నుంచి బావ దిగాడు. ఆయన సంగతి నీకు తెలియనిది కాదు. సింగరేణి ఓపెన్‌కాస్టులో మనిషికన్నా ఎత్తైన టైర్లున్న డంపర్లను బాగుచేసి రిటైరైనవాడికి మా బొలెరో ఆటబొమ్మలాగా కనిపిస్తుంది. చాయ్ తాగి, బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, వెనక తలుపు దగ్గర ఆగి, "దీని కవరు ఎన్నడన్న తీసిండ్రా?" అని అడిగాడు. నేను దర్జాగా సర్వీసు చీటీ చూపించాను. అందులో "స్టెప్నీ గాలి: 30" అని రాసి, పక్కన టిక్కు పెట్టి ఉన్నది. పాత చీటీలన్నింటిలోనూ అదే అంకె, అదే టిక్కు. "కాగితం గాదు, టైరు చూపెట్టు" అన్నాడాయన.

కవరు తీశాము. అదేనోయ్, మీ తమ్ముడు దగ్గరుండి రాయించిన కవరు, సారలమ్మ పేరులో 'ర' ఎగిరిపోయినది. దాని కింద ఏమున్నదో తెలుసా? సరిగ్గా గాలి కొట్టే మూతి మీద, మూత కూడా కనబడకుండా, కుమ్మరి పురుగు కట్టిన మట్టిగూడు. ఎండి రాయిలా గట్టిపడి, పురుగులు ఎగిరిపోయిన రంధ్రాలతో సహా ఉన్నది. ఆ గూడు చెక్కు చెదరకుండా దాని లోపలి మూతికి గేజీ పెట్టి ముప్ఫై అని చూసిన ఆ మహానుభావుడెవరో ఒకసారి ఎదురుపడితే… పోనీలే, పుణ్యక్షేత్రానికి పోతూ నోరు పాడుచేసుకోవడం ఎందుకు? గూడు గీకి బావ తన సొంత గేజీ పెడితే ముల్లు పది దగ్గరికి కూడా రాలేదు.

ఇక టైరే మార్చాలన్నాడు. నా భార్య మాత్రం ఒప్పుకోలేదు. బటన్లు, అంటే నేలకు తగిలే రబ్బరు దిమ్మెలు, కొంచెం కూడా అరగలేదనీ, కొత్త టైరు మీద ఉండే రబ్బరు వెంట్రుకలు కూడా అలాగే ఉన్నాయనీ, గాలి కొడితే సరిపోతుందనీ ఆమె వాదన. అప్పుడు బావ తడిగుడ్డతో టైరు పక్కభాగం తుడిచి, గుడ్డు ఆకారపు గీత లోపలున్న నాలుగు అంకెలు చూపించాడు: 0813. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. అంటే 2013లో ఎనిమిదో వారంలో తయారైన టైరు. బండితో వచ్చి, ఒక్కసారి కూడా రోడ్డు తొక్కకుండానే ముసలిదైపోయింది. ఆయన బొటనవేలితో అంచును వంచితే, చెరువు అడుగు ఎండినట్టు సన్నని పగుళ్ళు నోళ్ళు తెరిచాయి. అరుగుదలకైతే బటన్ల మధ్య గాడుల అడుగున 1.6 మిల్లీమీటర్ల ఎత్తు గుర్తులుంటాయి, బటన్ అక్కడిదాకా అరిగితే టైరు పని అయిపోయినట్టే. వయసుకు అలాంటి గుర్తేమీ ఉండదు, ఆ నాలుగు అంకెలే దిక్కు. మీ బండికి కూడా ఈ రోజే చూడు. బద్ధకించకు, నీ "రేపు చూద్దాం" నాకు తెలుసు.

అంతటితో బావ ఊరుకోలేదు. నాగ్‌పూర్ దాటి సివనీ పోయే దారి పెంచ్ పులుల అడవి పక్కనుంచి పోతుందనీ, కింద జంతువులు దాటడానికి రోడ్డునే పైకెత్తి కట్టిన చోటు అదనీ, అక్కడ రాత్రిపూట టైరు పోతే దిగి ఆలోచించుకునే తీరిక ఉండదనీ చెప్పి, మా వీధిలోనే టైరు మార్చడం రిహార్సల్ పెట్టించాడు. హ్యాండ్‌బ్రేకు వేసి, గేరులో ఉంచి, ముందు చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టాము. జాకీ ఎత్తకముందే, చక్రం నేలమీద ఉండగానే నట్లు వదులు చేయాలి, లేకపోతే పానాతో పాటు చక్రమూ తిరుగుతుంది. ఆ నట్లేమో గాలి మిషన్‌తో బిగించినవాయె! నేను వంగాను, పక్కింటి కుర్రవాడు వంగాడు, చివరికి బావ కూడా పానా మీద ఎక్కి నిలబడ్డాడు. కదలలేదు. వీధి వీధంతా చూస్తున్నది. అప్పుడు మా అక్క, చీర కుచ్చెళ్ళు బొడ్లో దోపుకొని, గోడకు ఆనించి ఉన్న పాత బోరు పైపు ముక్కను తెచ్చి పానా పిడికి తొడిగి, ఆ చివర పట్టుకొని ఒక్క నొక్కు నొక్కింది. కిర్రుమని తిరిగింది. బావ మొహం చూడవలసింది రాజేశం! "ఇగ డ్రైవర్ సీట్ల నువ్వే కూసో" అని గొణిగాడు. ఆ పైపు ముక్క ఇప్పుడు సీటు కిందకు చేరింది. జాకీ మొరంలో కూరుకుపోతున్నదని దాని కింద పెట్టిన చెక్క కూడా చేరింది.

అమ్మ బతికి ఉన్నప్పుడు ఎన్నిసార్లు అడిగిందో కాశీ సంగతి. అక్క ఆ పైపు పట్టుకొని నవ్వుతుంటే అచ్చం అమ్మలాగే… సరే, టైర్ల సంగతికి వస్తాను.

స్టెప్నీ కోసం ఒక్క టైరే కొనడం దండుగ అని, రెండు కొత్తవి తీసుకొని, బండి నుంచి దించిన రెండింటిలో మంచిదాన్ని స్టెప్నీ చేశాము. అంగడివాడు కొత్తవి ముందుకే వేయాలని పట్టుబట్టాడు. బావ వెనక్కే అన్నాడు. తడి రోడ్డుమీద ముందు చక్రాలు జారితే బండి మలుపు తిరగకుండా ముందుకు పోతుంది, వెనక చక్రాలు జారితే బండే గిర్రున తిరుగుతుంది, రెండోదాన్ని అదుపు చేయడం మనలాంటివాళ్ళ వల్ల కాదు అన్నది ఆయన లెక్క. నాకు ఆయన మాటే సబబుగా తోచింది. నట్లు మాత్రం ఈసారి చేతి పానాతోనే, ఒకదాని తరువాత దాని ఎదుటిదాన్ని, దగ్గర నిలబడి బిగించుకున్నాము. కొంత దూరం నడిపాక మళ్ళీ ఒకసారి బిగించాలట. నలుగురూ సామానుతో ఎక్కినప్పుడు గాలి ఎంత ఉండాలో కంపెనీ పట్టికలో విడిగా ఉన్నది. అది తెల్లవారుజామున, టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూడాలి.

ఇంకా బ్రేక్ ఆయిలు కథ మిగిలే ఉన్నది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుందనీ, అలా పాతబడినది దిగుడు రోడ్లమీద వేడెక్కి మరిగితే పెడలు మెత్తగా లోపలికి పోతుందనీ బావ నిన్న రాత్రి అన్నం ముందు కూర్చొని మొదలుపెట్టాడు. ఆ చీటీలో దానికి కూడా టిక్కు ఉన్నది! దాని డబ్బా మూత తీస్తే లోపల ఏ రంగు కనిపించిందంటే, నీకు గుర్తున్నదా, మన హాస్టల్లో సాంబారని పోసిన ఆ

బావ బయట హారన్ కొడుతున్నాడు. చక్రాల అలైన్‌మెంట్‌కు మన వంతు వచ్చిందట, ఫోన్ చేశారట. మిగతాది తరువాత రాస్తాను. టైరు అంకెలు చూసి వెంటనే రాయి.

నీ
నర్సయ్య