మన ఊళ్ల మీద సెమినార్, ఒక్క పూటైనా తెలుగులో పెట్టండి

సంపాదకులు గారికి నమస్తే,

జనవరి వచ్చిందంటే మా లెక్చరర్ల వాట్సాప్ గ్రూపుల్లో సెమినార్ బ్రోచర్లు మొదలవుతాయి, ఎకనామిక్స్ వాళ్లది ఒకటి, సోషియాలజీ వాళ్లది ఒకటి, మార్చి నెలాఖరుకి గ్రాంటు ఖర్చు చూపించాలి కాబట్టి అన్నీ ఫిబ్రవరి, మార్చిలోనే వచ్చి పడతాయి. రైతులు, వలసలు, పంచాయతీలు, డ్వాక్రా గ్రూపులు, టాపిక్‌లన్నీ మనవే, కానీ రెండు రోజులూ మాట్లాడేది మాత్రం ఇంగ్లీషులోనే.

నేను మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌ని. రెండేళ్ల కింద ఒక యూనివర్సిటీలో వలసల మీద సెమినార్ ఉందంటే ఫీజు కట్టి పోయాను, నాది పాలమూరు లేబర్ మీద పేపర్, మా నాన్న కూడా గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని డ్యాముల పనికి పోయినోడే. మా ఫైనలియర్ అమ్మాయిని కూడా తీసుకెళ్లాను, తండాల్లో తిరిగి వివరాలన్నీ రాసుకొచ్చింది తనే కదా అని. చర్చలో తను లేచి, అడ్వాన్సు తీరకపోతే ఇంట్లో ఇంకొకరు పనికి పోవాల్సి వస్తుంది సార్ అని తెలుగులో చెప్పబోతే స్టేజీ మీదున్నాయన ఇంగ్లీషులో చెప్పమ్మా అన్నారు. అంతే, తను కూర్చుండిపోయింది. ఆ రోజు చదివిన ఏ పేపర్లోనూ లేని విషయం అది, ఇప్పటికీ గుర్తొస్తే నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది.

రీసెర్చ్ మెథడాలజీ వర్క్‌షాపుల్లో కూడా ఇదే తీరు. క్వశ్చనీర్ ఎలా తయారు చేయాలో పది రోజులు ఇంగ్లీషులో నేర్పుతారు, దాన్ని పట్టుకుని ఊళ్లోకి పోతే అప్పు వేరు, చేబదులు వేరు, మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు వేరు, ఫారంలో మాత్రం మూడిటికీ లోన్ అని ఒకటే గడి. చేబదులుకి వడ్డీ ఉండదు, అడ్వాన్సుకి వడ్డీ బదులు మనిషే పనికి పోతాడు, ఈ తేడా పోయాక ఇక ఆ లెక్కలు ఏ సాఫ్ట్‌వేర్‌లో వేస్తే ఏం లాభం చెప్పండి. తండాల్లో అయితే తెలుగు కూడా చాలదు, లంబాడీ తెలిసిన పిల్లలు కావాలి, అలాంటి పిల్లలు మా క్లాసుల్లోనే ఉన్నారు.

ఇంగ్లీషు వద్దని నేను అనట్లేదు, బయటి రాష్ట్రాల వాళ్లకి మన సంగతి తెలియాలంటే అది ఉండాల్సిందే. కానీ 1918లో ఏర్పడిన ఉస్మానియా ఉర్దూ మీడియంలోనే పాఠాలు చెప్పింది, దానికోసం దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ పెట్టి పుస్తకాలు ఉర్దూలోకి తెచ్చుకున్నారు. 1968లో తెలుగు అకాడమీ వచ్చాక ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్, చరిత్ర అన్నీ తెలుగులో వచ్చాయి, నాలాంటివాళ్లు డిగ్రీ గట్టెక్కింది ఆ పుస్తకాలతోనే. మాటలు లేవు, టర్మ్స్ లేవు అనే మాట ఇప్పుడు చెల్లదు.

పేరు కోసం, సర్టిఫికెట్ కోసం వచ్చేవాళ్లని కూడా నేను తప్పు పట్టను, 2016 యూజీసీ రూల్స్‌లో పీహెచ్‌డీకి సెమినార్లలో రెండు పేపర్లు చదవాలని ఉండేది, 2022లో తీసేశారు గానీ అలవాటు అంత తొందరగా పోదు.

సామాజిక శాస్త్రాల పరిశోధనకి గ్రాంట్లు ఇచ్చే ఐసీఎస్ఎస్ఆర్ వాళ్ల దక్షిణ ప్రాంత కేంద్రం మన ఉస్మానియా క్యాంపస్‌లోనే ఉంది. సెమినార్‌కి గ్రాంటు ఇచ్చేటప్పుడు ఒక పూట స్థానిక భాషలో సెషన్ పెట్టాలి, ఆ పూట డిగ్రీ పిల్లలకి ఫీజు వద్దు అని అప్లికేషన్‌లోనే ఒక షరతు పెడితే చాలు, అదనంగా ఖర్చేమీ కాదు. బ్రోచర్ కూడా వారం ముందు కాకుండా నెల ముందు పంపితే ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకి వీలవుతుంది. మీరు కూడా జిల్లా పేజీలో కార్యక్రమాల కాలమ్ వేసేటప్పుడు సెమినార్ ఏ భాషలో, ఎవరు రావచ్చు, ఫీజు ఎంత అన్నది ఒక లైను రాయండి సార్, ఆ కాలమ్ మా కాలేజీ లైబ్రరీలో పిల్లలు రోజూ చూస్తారు.

ఇట్లు,
ఒక గెస్ట్ లెక్చరర్, మహబూబ్‌నగర్ జిల్లా